గుట్టల నడుమ కుంచె: పాలమూరు, నల్లగొండల్లో ఆరుబయట బొమ్మ గీసేవారికి సమగ్ర మార్గదర్శి

గదిలో కూర్చుని గీస్తే వెలుతురు మన చెప్పుచేతల్లో ఉంటుంది. కాగితం ఎగరదు, రంగు చెప్పినంతసేపు తడిగా ఉంటుంది, ఎవరూ వచ్చి వెనక నిలబడరు. అదే చేత్తో నల్లగొండ చెలకల్లోనో, గద్వాల దాటి కృష్ణ ఒడ్డునో కూర్చుంటే మొదటి అరగంటలోనే చేయి మొరాయించినట్టు అనిపిస్తుంది. చాలామంది అక్కడే మనసు విరిగి, ఫోన్లో ఫొటో తీసుకుని ఇంటికొచ్చి దాన్ని చూసి గీస్తారు. లోపం చేతిలో లేదు. ఎండ, గాలి, నీళ్లు, మనుషులు, కోతులు అన్నీ కలిసి బొమ్మలో వేలు పెడుతున్నప్పుడు వాటికి తగ్గట్టు మన పని పద్ధతిని మార్చుకోవాలి. ఆ మార్పులే ఇక్కడ వరుసగా చెబుతున్నాను. వాటర్ కలర్, అక్రిలిక్, ఆయిల్ మూడింటికీ పనికొస్తాయి. కొత్తవాళ్లు మాత్రం వాటర్ కలర్‌తో మొదలుపెట్టడమే మేలని నా గట్టి నమ్మకం. మోత తక్కువ, వాసన ఉండదు, సర్దుకోవడం తేలిక.

1. ముందు నెల, తర్వాత గంట

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ప్రాంతంలో బొమ్మలవాళ్లకు పండగే. కారణం చల్లదనం ఒక్కటే కాదు, సూర్యుడి ఎత్తు కూడా. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. డిసెంబరు చివర్లో నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అంటే పన్నెండింటికి సైతం గుండ్లకు, చెట్లకు, గోడలకు ఏటవాలు నీడ ఉంటుంది, ఆకారం తెలుస్తుంది. మేలో సంగతి వేరు. మే 8 చుట్టుపక్కల, మళ్లీ ఆగస్టు 4 చుట్టుపక్కల మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. నీడలు కాళ్ల కిందకు దూరిపోతాయి. గుట్ట మొత్తం ఒకే తెలుపు కొట్టుకుపోయి అట్టముక్కలా కనిపిస్తుంది. ఆ వేళ ఎంత నేర్పరి గీసినా బొమ్మలో లోతు రాదు. పైగా మేలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు.

కాబట్టి ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దుగూకేదాకా. చలికాలంలో ఏడు నుంచి పదకొండు, మూడు నుంచి ఐదున్నర. ఎప్పుడైనా ఒక బొమ్మకు రెండు గంటలకు మించి పెట్టుకోవద్దు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటల్లో 30 డిగ్రీలు. అప్పటికి ఎదురుగా ఉన్నది మీరు మొదలుపెట్టిన దృశ్యం కాదు, ఇంకోటి. పని మిగిలితే మర్నాడు అదే వేళకు వచ్చి కూర్చోవాలి తప్ప, నీడలను మారుస్తూ పోకూడదు.

రెండు గంటల్లో అయిపోవాలంటే కాగితం చిన్నదిగా ఉండాలి. వాటర్ కలర్ ఫుల్ షీటు 22×30 అంగుళాలు ఉంటుంది. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 11×7.5 అంగుళాలు వస్తుంది. బయటి పనికి అది చాలు. పెద్ద కాగితం తీసుకెళ్తే సగం వెలుతురు ఆకాశానికి వాష్ (నీళ్లు కలిపిన పలచటి రంగు పూత) వేయడంలోనే ఖర్చయిపోతుంది.

2. చోటు, ఆ చోటుకు అడగాల్సిన మాట

మన వైపు గీయడానికి ఏముంది అనేవాళ్లు ఒకసారి పానగల్లు వెళ్లండి. నల్లగొండ పక్కనే ఉదయసముద్రం, దాని చేరువలో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఓ స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. నేరుగా ఎండ లోపలికి రాకుండా, బయటి వెలుగు రాతి మీద పడి చెదిరి వస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. చెదిరిన వెలుగు అంటే ఏమిటో వంద పాఠాలకన్నా అక్కడ అరగంట కూర్చుంటే బాగా తెలుస్తుంది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల నాటివి, బాదామి చాళుక్యులవి. వాటి ఎర్రటి ఇసుకరాయి సాయంత్రం ఎండకు ఇంకో రంగుకు తిరుగుతుంది. దేవరకొండ, కోయిలకొండ కోటలు, భువనగిరి ఏకశిల, సోమశిల దగ్గర కృష్ణ, వాడపల్లిలో మూసీ కలిసే చోటు, నల్లమల అంచున మన్ననూరు... జాబితాకు అంతు లేదు. మోదుగుపూల కాలంలో అయితే ఊరి బయట ఏ చెలక గెట్టు మీద కూర్చున్నా చాలు.

అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర చేతిలో స్కెచ్‌బుక్ పట్టుకుని గీస్తే సాధారణంగా ఎవరూ అడ్డుచెప్పరు. ఈజిల్, అంటే బొమ్మ నిలబెట్టే మూడుకాళ్ల స్టాండు, దింపితే మాత్రం సిబ్బంది ఆపి, అనుమతి పత్రం అడగొచ్చు. కాబట్టి గుడి లోపల ఒళ్లో పెట్టుకునే బోర్డే సుఖం. నాగార్జునసాగర్, జూరాల లాంటి డ్యాముల దగ్గర కాపలా ఉంటుంది. గేట్లు, కట్ట, పవర్ హౌస్ వైపు తిరిగి గీసే ముందు అక్కడి పోలీసులను అడగండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ చెక్‌పోస్టు మీదుగానే వెళ్లాలి. రాత్రిపూట ఆ అడవి గుండా పోయే శ్రీశైలం దారి మూసేస్తారు కాబట్టి సాయంత్రం వెలుతురు ఆశకు పోయి లోపల చిక్కుకోవద్దు. ఎవరి చేనులోనైనా కాలు పెట్టే ముందు ఆ రైతును అడగాలి. పత్తి, కంది ఏపుగా ఉన్నప్పుడు గెట్టు దిగకూడదు.

పాలమూరు పిల్లలమర్రి గురించి ఒక్క మాట. 2017 చివర్లో ఆ చెట్టు పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు తొలిచేస్తుంటే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి కాపాడుకున్నారు. కంచె బయటే ఉండి గీయండి. ఊడలకు సంచులు తగిలించడం, కొమ్మకు తాడు కట్టడం లాంటివి అసలే వద్దు.

నది ఒడ్డున ఇంకో జాగ్రత్త ఉంది. జూరాల కింద, సాగర్ కింద ఎండాకాలంలో బండలు తేలి, కూర్చోవడానికి మహా ముచ్చటగా ఉంటాయి. ఎగువన నీళ్లు వదిలితే చూస్తుండగానే మట్టం పెరుగుతుంది. సైరన్ మోగినా, నీటి చప్పుడు మారినా సామాను గురించి ఆలోచించకుండా గట్టెక్కాలి. అసలు నది మధ్య బండల మీదికి పోకుండా ఒడ్డు నుంచే గీయడం నా సలహా.

3. సంచిలో ఏముండాలి

రంగులు తక్కువ, నీళ్లు ఎక్కువ. అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), రా సియెన్నా (పసుపు గోధుమ), లైట్ రెడ్ (ఇటుక ఎరుపు), ఒక నిమ్మపసుపు, ఒక ఆకుపచ్చ. మన ఎర్రచెలకకు, రేగడికి, గ్రానైటు గుండుకు, తుమ్మచెట్టుకు ఈ ఆరు సరిపోతాయి. కుంచెలు మూడు. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) మందం కాటన్‌ది అయితే తడికి వంకర్లు పోదు. దాన్ని ప్లైవుడ్ ముక్కకు నాలుగువైపులా మాస్కింగ్ టేపుతో అతికించి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి. బయట గాలిలో టేపు కాగితానికి తప్ప అన్నిటికీ అంటుకుంటుంది.

నీళ్ల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లం. కాబట్టి ఎంత దాహమేసినా చేను దగ్గర బోరు నీళ్లు తాగొద్దు, మనిషికి మూడు లీటర్లు ఇంటినుంచే తెచ్చుకోండి. రంగులకు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు. వాటి గొడవంతా బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నంతోనే. ఆ నీళ్లతో లేత వాష్ వేస్తే కొన్ని రంగులు సన్నగా పరుచుకోకుండా రవ్వరవ్వగా ముద్దకడతాయి. ఆరాక ముదురు నీడల మీద పలచటి తెల్లపొర తేలి, నలుపు బూడిదరంగుకు దిగిపోతుంది. గీసినవాళ్లు రంగు కంపెనీని తిట్టుకుంటారు. ఊళ్లో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు లేని చోటు ఇప్పుడు అరుదు. అక్కడ ఒక లీటరు నింపుకుంటే ఆ తంటా ఉండదు. ఇక రంగునీళ్ల సీసా, తాగే సీసా వేర్వేరు ఆకారాల్లో ఉండాలి. పనిలో మునిగినప్పుడు చేయి దేన్ని అందుకుంటుందో తెలియదు. కాడ్మియం, కోబాల్టు ఉన్న రంగులు కడుపులోకి పోవడం మంచిది కాదు.

ఇవి కాక: టోపీ, పాత నూలు గుడ్డ, బట్టల క్లిప్పులు ఆరు, ఉప్పు చక్కెర కలిపే ఓఆర్ఎస్ పొట్లాలు, ఖాళీ గుడ్డసంచి ఒకటి, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక కవరు. చొక్కా బూడిదరంగుదో, మాసిన నీలందో వేసుకోండి. ఎర్రచొక్కా వేసుకుంటే దాని మెరుపు కాగితం మీద పడి తెల్ల కాగితం గులాబీగా కనిపిస్తుంది. చలువ కళ్లద్దాలు దారిలోనే తీసేయాలి.

4. కూర్చోవడం, నిలబెట్టడం

ఎండ నేరుగా కాగితం మీద పడితే ఏమవుతుంది? తెలుపు కళ్లను మిరుమిట్లు కొలుపుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. వేసిన ప్రతి రంగూ లేతగా తోచి, ముదురు చేస్తూ పోతాం. ఇంటికొచ్చి ట్యూబులైటు కింద చూస్తే బొమ్మ నల్లగా, బరువుగా ఉంటుంది. అందుకే కాగితం ఎప్పుడూ నీడలో ఉండాలి. చెట్టు నీడ దొరికింది కదా అని సంబరపడొద్దు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు కాగితం మీద కదులుతుంటే ఏది మీరు వేసిన రంగో, ఏది వెలుతురో తేడా తెలియదు. మర్రి, వేప కింద పచ్చటి ఛాయ కూడా పడుతుంది. గోడ నీడ అన్నిటికన్నా మంచిది. అదీ లేకపోతే నల్లగుడ్డ గొడుగు వాడండి. రంగురంగుల గొడుగు కింద కూర్చుంటే దాని రంగంతా బొమ్మలోకి దిగుతుంది.

గొడుగును ఈజిల్‌కు కట్టొద్దు. ఒక్క సుడిగాలి చాలు, గొడుగు, ఈజిల్, బొమ్మ మూడూ కలిసి పక్క చేనులో పడతాయి. గొడుగును వేరే కర్రకు కట్టి, దాని మొదట రాళ్లు పేర్చండి. ఖాళీ గుడ్డసంచి తెమ్మన్నది ఇందుకే: అక్కడి రాళ్లే అందులో నింపి ఈజిల్ నడిమధ్య వేలాడదీస్తే బరువు కిందికి లాగి పట్టుకుంటుంది. కాళ్లు వీలైనంత పొట్టిగా, వెడల్పుగా పెట్టాలి. గాలికి బోర్డు అంచు ఎదురుగా ఉండాలి, వెడల్పు భాగం కాదు. 1888లో ఫ్రాన్స్ దక్షిణాన ఆర్ల్‌లో చిత్రకారుడు వాన్ గో ఇదే తిప్పలు పడ్డాడు. ఈజిల్ కాళ్ల పక్కన అరమీటరు ఇనుప మేకులు దిగ్గొట్టి, తాళ్లతో కట్టి, ఆ హోరుగాలిలో పని చేసుకున్నాడు. మన చెలకల్లో ఆ పద్ధతి నడుస్తుంది. బండ మీద మేకు దిగదు కాబట్టి రాళ్ల సంచే గతి. కాళ్లు జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడగండి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం సంగతి మనకు కొత్త కాదు. ఉన్నట్టుండి గాలి ఆగి ఉక్క పోస్తే, దూరంగా నేలకు ఆనుకుని మట్టిరంగు తెర లేస్తే, బొమ్మ ఏ దశలో ఉన్నా మూసేయాలి. ఉరుము వినపడ్డాక గుట్ట మీద, ఒంటరి చెట్టు కింద, గొడుగు పట్టుకుని ఉండకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి బయటికి రావద్దు.

5. మొదటి పావుగంట: నీడను పట్టడం

అట్టముక్కలో అగ్గిపెట్టెంత కిటికీ కత్తిరించి, దాంట్లోంచి చుట్టూ చూడండి. మన నేల మీద కన్ను ఎటు తిప్పినా ఏదో ఒకటి ఉంటుంది: గుట్ట, చెరువుకట్ట, తాటిచెట్లు, కరెంటు స్తంభాలు, గొర్ల మంద. అన్నీ కావాలనుకుంటే ఏదీ నిలవదు. కిటికీలోకి వచ్చిందే బొమ్మ, మిగతాది రేపటికి.

తర్వాత పెన్సిలు తీసి ముందుగా నీడల ఆకారాలు గీయాలి. వస్తువులు తర్వాత. కాగితం మూలన సూర్యుడు ఏ వైపున్నాడో చిన్న బాణం గుర్తు, గంట ఎంతో అంకె వేయండి. గంట గడిచాక నీడ జరిగి, చేయి దాని వెంట పోబోతుంటే ఆ బాణం గుర్తే ఆపుతుంది.

ఉదాహరణకు మన దగ్గర ఏ ఊరి పొలిమేరలోనైనా దొరికే గ్రానైటు గుండునే తీసుకుందాం. పొద్దున ఏడున్నర. తూర్పు ముఖం మీద ఎండ పడుతోంది. బూడిదరంగు అనుకుని నలుపు, తెలుపు కలిపితే సిమెంటు ముద్ద తయారవుతుంది. కళ్లు సగం మూసి చూడండి. ఎండపడ్డ చోట రా సియెన్నాలో చిటికెడు లైట్ రెడ్ కలిపిన పలచటి గోధుమ ఛాయ ఉంది. మన రాయిలో లేత గులాబీ స్ఫటికాలు చాలాచోట్ల ఉంటాయి, ఆ వెచ్చదనం అక్కడిది. గుండు నెత్తి ఎండలో కాక ఆకాశం వైపు తిరిగి ఉన్న చోట చల్లటి నీలిబూడిద. పడమటి ముఖం నీడలో ఉంది, అక్కడ అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలపాలి, నలుపు కాదు. ఇక అసలు కిటుకు గుండు అడుగున ఉంది. ఎర్రమట్టి మీద పడ్డ ఎండ ఎగిరివచ్చి నీడవైపు కిందిభాగాన్ని లోపలినుంచి రాజేసినట్టు ఎర్రగా వెలిగిస్తుంది. నీలిబూడిద తడిగా ఉండగానే ఆ కిందిభాగాన బర్న్ట్ సియెన్నా తాకించి వదిలేయండి. రెండూ ఒకదాంట్లో ఒకటి కరిగి, గుండు నేల మీద కూర్చుంటుంది. ఆ ఒక్కటి వేయకపోతే గుండు గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. చివరికి వాననీళ్లు జారి జారి పడ్డ నల్లచారలు. వాటిని నిలువుగా గీతలు కొట్టకుండా గుండు వంపు ఎటు తిరిగితే అటు తిప్పాలి. బండ గుండ్రం వాటితోనే తెలుస్తుంది.

6. ఆరిపోయే రంగు, అంటుకునే దుమ్ము

మార్చి తర్వాత మన పొడిగాలికి వాటర్ కలర్ వాష్ సగం వేసేలోపే అంచు ఆరి గీత పడుతుంది. మందు రెండు విధాలు. కాగితాన్ని ముందుగా శుభ్రమైన నీళ్లతో తడపడం ఒకటి. రంగు నీళ్ల గ్లాసులో నాలుగైదు చుక్కల గ్లిజరిన్ కలపడం రెండోది. మందుల షాపులో దొరుకుతుంది. చుక్కలు ఎక్కువైతే బొమ్మ రోజుల తరబడి జిగటగా ఉండి వేలిముద్రలు పడతాయి. వానాకాలంలో గ్లిజరిన్ జోలికి పోవద్దు.

అక్రిలిక్ అయితే పాలెట్ (రంగులు కలిపే పళ్లెం) మీదే తోలు కడుతుంది. వెడల్పాటి టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, పైన రంగులు పెట్టుకోండి. మూత వేస్తే సాయంత్రం దాకా మెత్తగా ఉంటాయి.

ఆయిల్ రంగుది వేరే కథ. దాంట్లోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది, దానికి రోజులు పడుతుంది. ఆలోగా దుమ్ము, ఊక, ఈగలు అంటుకుంటాయి. తడి మీద గోటితో తీయబోతే గీత పడుతుంది, వదిలేయండి. పూర్తిగా ఆరాక మెత్తటి కుంచెతో దులిపితే చాలావరకు రాలిపోతాయి. మిగిలినవాటి గురించి దిగులొద్దు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1870లో త్రూవిల్ సముద్రతీరాన వేసిన బొమ్మలో ఇసుక రేణువులు ఈనాటికీ రంగులో ఇరుక్కునే ఉన్నాయి. వాన్ గో 1889లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మలో ఓ మిడత అవశేషం 2017లో బయటపడింది. తడి కాన్వాసులు రెండింటిని ముఖాముఖి పెట్టి, నాలుగు మూలలా చెక్కబిళ్లలు ఇరికించి తాడుతో కడితే బస్సులోనైనా తేవచ్చు.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి సంచిలో కుక్కొద్దు. ఆరేటప్పుడు వాటికవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, ఎండలో నిలిపిన కారులో అయితే మరీ. నీళ్లలో ముంచి రేకు డబ్బాలో మూతపెట్టి తెచ్చుకోండి. టర్పెంటైన్ చెరువులో, చేనులో పారబోయొద్దు. ఎండుగడ్డి ఉన్న చోట దాని మూత తీయకపోవడమే మంచిది.

7. రెక్కలవి, తోకలవి, కుట్టేవి

కోతులు ఉండే గుడుల దగ్గర తినుబండారం బయట పెట్టకండి. వాటికి రంగు ట్యూబుకూ చాక్లెట్టుకూ తేడా లేదు. లాక్కుపోయి కొరికితే వాటి ప్రాణానికే చేటు. ట్యూబులు మూతపెట్టెలో ఉండాలి. పెద్ద తేనెటీగల తుట్టెలు కోట గోడలకు, గుట్టల అంచులకు, గోపురాలకు ఉంటాయి. కూర్చునే ముందు తల పైకెత్తి చూడండి. సెంటు పూసుకోకండి, దగ్గర్లో పొగ పెట్టకండి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తడమే, చేతులు ఊపకూడదు. రాయి కదిపేటప్పుడు ముందు కర్రతో, తర్వాతే చేత్తో. తేలు, కట్లపాము చల్లటి రాయి కిందే ఉంటాయి. పాము కరిస్తే కోయడాలు, గట్టిగా తాడు కట్టడాలు, మంత్రాలు వద్దు. కరిచిన కాలో చేయో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

8. మనుషులు

కొత్తగా బయటికొచ్చే కళాకారులు ఎండకన్నా ఎక్కువ భయపడేది చుట్టూ చేరే జనానికే. నా మటుకు నాకు మన ప్రాంతంలో బయట గీయడంలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే:

"ఏం సారూ, సర్వేకొచ్చిన్రా?"

ఆ ప్రశ్నలో అనుమానం ఉంది, భయం ఉంది. దానికి కారణమూ ఉంది. శ్రీశైలం ముంపులో కృష్ణ ఒడ్డున ఊళ్లకు ఊళ్లు పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నే రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. కాలువలకు, రిజర్వాయర్లకు, రోడ్లకు భూమి ఇచ్చుకుంటూ వచ్చిన రైతుకు, కాగితం పెన్సిలు పట్టుకుని తన చేను వైపు తేరిపార చూసే మనిషిని చూస్తే గుండె జారడం సహజం. కాబట్టి ఈజిల్ తెరవకముందే ఊళ్లోకి వెళ్లి, హోటల్ దగ్గర చాయ్ తాగుతూ వచ్చిన పని చెప్పండి. స్కెచ్‌బుక్ పాత పేజీలు తిప్పి చూపించండి. "లేదు పెద్దయ్యా, బొమ్మ గీస్తున్న. గా గుండు, గా తుమ్మచెట్టు, గంతే" అంటే పది నిమిషాల్లో ఊరంతా తెలుస్తుంది, ఆపై ఎవరూ అడ్డురారు.

తర్వాత సలహాలు మొదలవుతాయి. "గా కొమ్మ ఇటు వంగలే తమ్మీ", "కట్ట అంత ఎత్తుండదు". వినండి. ఆ చెట్టును రోజూ చూసే కళ్లవి. ఏ వేళకు ఎండ ఎటు పడుతుందో, అలుగు ఏ నెలలో దుంకుతుందో, ఫలానా చోట ఏ పూలు పూస్తాయో రైతుకు తెలిసినంత మనకు తెలియదు. పిల్లలు మూగితే నాలుగు తెల్లకాగితాలు, పెన్సిళ్లు ఇచ్చి పక్కన కూర్చోబెట్టండి. వాళ్ల పనిలో వాళ్లు పడిపోతారు, మీ మోచేతికి చోటు దొరుకుతుంది. "మా ఇల్లు గీయవా సారూ" అంటే కాదనకుండా చిన్న కాగితం మీద పది నిమిషాల్లో గీసి ఇచ్చేయండి. బొంబాయి, పుణె పనులకు వలస పోయిన పిల్లల కోసం ఎదురుచూసే అవ్వల ఇళ్లు పాలమూరులో చాలా ఉన్నాయి. ఆ బొమ్మ వాళ్ల గోడ మీదకు ఎక్కుతుంది.

మనుషులను గీయాలంటే ముందు అడగాలి. దేవరకొండ వైపు తండాల్లో లంబాడా ఆడవాళ్ల అద్దాల బట్టలు, నల్లమల పెంటల్లో (చెంచు గూడేల్లో) చెంచుల ఇళ్లు చూడగానే చేయి ఊరుకోదు. వాళ్లు చూసిపోయే వింతలు కాదు. పేరు చెప్పి, పక్కన కూర్చుని, ఒప్పుకున్నాకే కుంచె తీయండి. బొమ్మ వాళ్లకు చూపించండి, ఫొటో ప్రింటు తీసి ఇవ్వండి. ఒద్దు అంటే ఒద్దే.

ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లాల్సివస్తే రోడ్డు కనిపించే చోటు ఎంచుకోండి. వెనక గోడ ఉండేలా కూర్చోండి. ఫోన్లో లొకేషన్ ఇంట్లో వాళ్లకు పంపండి. దగ్గర్లో చేనులో పనిచేసే అక్కలతో ముందే మాట కలపండి. వాళ్ల కన్ను మీ మీద ఉంటే చాలా ధైర్యం. అత్యవసరానికి 112. ఇద్దరు కలిసి వెళ్తే మరీ మంచిది.

9. వానాకాలం

జూలై నుంచి సెప్టెంబరు దాకా కాగితమే తేమ పీల్చి మెత్తబడుతుంది. ఒక వాష్ ఆరడానికి గంట పడుతుంది. ఆ నెలల్లో ఇంకు పెన్ను, బొగ్గు, ఆయిల్ పేస్టల్ తీసుకెళ్లి, వాటర్ కలర్‌ను చివర్లో రెండు మచ్చలకే పరిమితం చేయండి. మబ్బుల వెలుతురులో నీడలు మెత్తగా, స్థిరంగా ఉంటాయి కాబట్టి రెండు గంటల నిబంధనను సడలించుకోవచ్చు. నల్లమల పచ్చదనం, బతుకమ్మ ముందు గెట్ల మీద విరిసే తంగేడు, గునుగు చూడాలంటే ఈ కష్టం పడాల్సిందే. ఆ పచ్చను ట్యూబులోంచి నేరుగా వేయొద్దు. దాంట్లో కొంచెం బర్న్ట్ సియెన్నా కలిపితేనే మన నేల పచ్చ అవుతుంది.

10. ఇంటికొచ్చాక

ఆ రాత్రి బొమ్మ ముట్టుకోవద్దు. కళ్లలో ఇంకా ఎండ ఉంటుంది, అన్నీ మందంగా కనిపిస్తాయి. మర్నాడు కిటికీ పక్కన పెట్టి చూసి, ముదురు నీడలు చాలని చోట ఒకటి రెండు దెబ్బలు వేసి ఆపేయండి. ఫోన్లో తీసిన ఫొటోతో పోల్చి సరిదిద్దబోతే, అక్కడ కూర్చుని పట్టిన వెలుతురు పోతుంది. ఫొటోలో నీడలు నల్లగా మూసుకుపోయి ఉంటాయి, కన్ను చూసిన నీలం, ఎరుపు వాటిలో ఉండవు.

కుంచెలను సబ్బునీళ్లతో కడిగి, మొన సరిచేసి, పడుకోబెట్టి ఆరనివ్వండి. వాటర్ కలర్ బొమ్మలను వానాకాలంలో బూజు పట్టకుండా కాగితాల మధ్య పెట్టి, డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేయండి. బొమ్మ వెనక పెన్సిలుతో ఊరు, తేదీ, గంట, గాలి, వాడిన రంగులు రాసుకోండి. వచ్చే ఏడు అదే నెల, అదే చోటుకు వెళ్లాలనుకుంటే ఎన్నింటికి బయల్దేరాలో ఆ రెండు వరుసలే చెబుతాయి. ఎవరికైనా ప్రింటు ఇస్తానని మాటిచ్చి ఉంటే వాళ్ల పేరు, ఇంటి గుర్తు కూడా అక్కడే రాసి, వారం తిరక్కుండా పంపించండి.